నాలుగింటిలోపు పది అడుగులు

హలో… ఆ, నేనే. ఇంకెవరెత్తుతారు వదినా, ఈ వర్క్‌షాపులో పెట్టుడు కాళ్లు చేసేదీ నేనే, ఫోనెత్తేదీ నేనే.

… చెప్పు. తొందరగా చెప్పు కానీ. చేతుల నిండా జిగురు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నా నిన్ను. మెడ పట్టేసిందంటే దానికి మళ్లీ మీ ఆఫీసు పర్మిషను కావాలి.

… ఇవాళా?

… పొద్దున ఫోన్ చేసినప్పుడు ఎల్లుండన్నావు కదా.

… సరే, పైనుంచి వచ్చింది. మీకు అన్నీ పైనుంచే వస్తాయి, వానలాగా. ఎన్నింటికి ఈ వర్క్‌షాపుకి సీలు?

… నాలుగింటికి. ఇప్పుడు మూడున్నర. అంటే అరగంట. పదహారేళ్ల దుకాణం సర్దుకోవడానికి అరగంట. బాగానే ఇచ్చారు.

… కోప్పడట్లేదు వదినా. నీ మీదెందుకు కోపం? స్టోర్సు చూసే గుమాస్తావి, వాళ్లు సీలు చేతికిస్తే తీసుకొచ్చి వేస్తావు. మా అన్నయ్యని చేసుకున్ననాడే నీ ఓపికేంటో తెలిసిపోయింది.

… ఊఁ.

… ఊఁ. మనకి డబ్బిచ్చే దేశంలో పెద్దాయన సంతకం పెట్టాడు. తొంభై రోజులు వాళ్ల డబ్బుతో ఏ దేశంలోనూ ఏ పనీ కదలకూడదు. పరిశీలిస్తారు. ఏం పరిశీలిస్తారట? మనుషులకి కాళ్లు అవసరమా కాదా అనా?

… ఓహో, అదా సంగతి. మనవాళ్లు ఆ దేశాలన్నిటి పెద్ద సభలో వాళ్ల కొత్త యుద్ధానికి చెయ్యెత్తలేదనా. మరి ఆ సభకి మా మిడత వెళ్లలేదే. వెళ్లుంటే రెండు చేతులూ ఎత్తేది, ఎత్తడం దానికి సరదా.

… మిడత ఎవరా? అదే వదినా, సైకిల్ షాపతని కూతురు. పదకొండేళ్లు. మొదటిసారి వచ్చినప్పుడు వరండా అంతా ఒంటికాలి మీద గెంతుతుంటే నేనే పెట్టా ఆ పేరు.

… ఆ, ఆ పిల్లే. బంతి కోసం పొలంలోకి వెళ్లింది, నాలుగేళ్ల కిందట. దొరలు పాత యుద్ధం ముగించుకుని వెళ్తూ వదిలేసిన బాంబు డబ్బా అది. ఈ పిల్ల పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. పాపం, ఓపిగ్గా కాసుక్కూర్చుంది.

… వాదించట్లేదమ్మా, ఉన్నదే చెబుతున్నా. బాంబు వేసింది వాళ్లే. తర్వాత కాలు పెట్టిందీ వాళ్లే. పెట్టలేదని నేనెప్పుడూ అనను, ఇన్నాళ్లూ వాళ్లన్నమే తిన్నా. ఇప్పుడు కాళ్లు ఆపమన్నారు. మరి పొలంలో ఉన్నవాటికి కూడా కబురు పంపారా, తొంభై రోజులు ఆగమని?

… అదిగో, నవ్వావు. నవ్వకూడదు, ఆఫీసు ఫోను.

… లిస్టా? చదువు, వింటున్నా.

… ఓవెను ఒకటి, సరే. సానరాయి రెండు, సరే. స్టిక్కర్లు కూడానా? ఆ జెండా స్టిక్కర్లు లెక్కపెట్టాలా? రెండొందలుంటాయి వదినా. ఇక్కడ కాళ్లకన్నా అవే ఎక్కువ. ప్రతి కాలికీ ఒకటి అంటించాలని మీ రూలు. మిడత అయితే పోయినసారి ఆ జెండాకి మీసాలు గీసి పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నా.

… తర్వాత?

… ఆగాగు. 'పిల్లల కాలు ఒకటి, అసంపూర్తి.' అది కొట్టెయ్యి. అది పొద్దుటి సంగతి. ఇప్పుడు పూర్తయింది. అన్నం కూడా తినకుండా కూర్చున్నా దాని మీద. మిడత వేసుకుంది కూడా. ఇదిగో, ఎదురుగా స్టూలు మీద కూర్చుని నన్నే మింగేలా చూస్తోంది. పక్కన వాళ్ల నాన్న.

… రూలు నాకు చెప్తావా వదినా. నడక నేర్పే ఆ రెండు కడ్డీల మధ్య, చెయ్యి ఆనించకుండా పది అడుగులు వెయ్యాలి. ఆ తర్వాత పుస్తకంలో సంతకం. అప్పుడే అది ఆ మనిషి కాలు. అంతవరకూ దాతల సొత్తు. నిద్రలో లేపినా చెప్తా.

… అందుకేగా చెబుతున్నా. నాలుగింటిలోపు పది అడుగులు వేసేస్తే ఆ కాలు దానిది. వెయ్యలేదనుకో, నీ సీలు కింద చీకట్లో పడుంటుంది. తొంభై రోజులో, తొమ్మిదేళ్లో. పాతది చూశావుగా, పొట్టిదైపోయి నడుం వంకర పోతోంది పిల్లకి. బడికి వెళ్లడం మానేసింది.

… లైన్లోనే ఉండు. రేపు ఎవరైనా అడిగితే సాక్షివి నువ్వే. మిడతా, లే.

… నిన్ను కాదు వదినా, నువ్వు కూర్చో.

లేమ్మా. నడుం నిటారుగా. కిందకి చూడకు, గోడ మీద గడియారం చూడు. చేతులు పైకి… అంత పైకి కాదు, నిన్నెవరూ పట్టుకోవడానికి రాలేదు. ఆ. కుడి ముందు.

ఒకటి. రెండు… వదినా, నడుస్తోంది. మూడు. నాలుగు… మడమ ముందు పెట్టు, మడమ… ఐదు.

అయ్యో.

… పడలేదు, పడలేదు. కడ్డీ పట్టుకుంది. పట్టుకుంటే మళ్లీ మొదట్నుంచి కదా. ఏడవకమ్మా, నీ తప్పు కాదు. నాదే.

… నాదే అంటున్నా వదినా. కాలు పొడుగైంది. రెండు వేళ్లు పొడుగు.

… తెలిసే పెట్టా. పొద్దున నీ కబురు విన్నాక చేతులు ఊరుకోలేదు. ఎదిగే పిల్ల, ఎనిమిది నెలలకోసారి కొత్త కాలు పట్టేది. ఇక కొత్తది ఎక్కణ్ణుంచి వస్తుంది? స్కూలు బట్టలు వదులుగా కుట్టిస్తాం చూడు, వచ్చే ఏడాదికి కూడా వస్తాయని. అలా. తెగిన కాలి మొండి కూర్చునే గిన్నె కూడా వదులు చేశా. మొండికి ఐదు మేజోళ్లు ఒకదాని మీద ఒకటి తొడిగించా. లావెక్కే కొద్దీ ఒక్కోటి తీసేసుకుంటుందని.

… తిట్టు, తిట్టు. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఇలా చేస్తే పదహారేళ్లుగా నేను తిడుతున్నా. కాలు ఇవాళ్టి మనిషికి చెయ్యాలి, రేపటి మనిషికి కాదు అని. ఇవాళ నాకే బుద్ధి గడ్డి తింది.

… గిన్నెకేం ఇబ్బంది లేదు, మేజోళ్లు పట్టి ఉంచుతున్నాయి. పొడుగే తంటా. రాడ్డు మధ్యలో బిళ్లలు పెట్టా, ఒక్కోటి అరవేలు మందం. నాలుగు. తీసేస్తే సరిపోతుంది.

… టైమెంత? మూడూ ముప్పై తొమ్మిది. మీ జీపు బయల్దేరిందా?

… డ్రైవరు టీ తాగుతున్నాడా? తాగనీ. ఇంకోటి ఇప్పించు. బిస్కెట్లు కూడా ఇప్పించు.

ఏదీ ఆ అలెన్ కీ… ఛ. జారిపోతోంది.

… భయం కాదు వదినా. కోపం. నీతో ఇందాకట్నుంచి జోకులేస్తున్నా గానీ, ఒళ్లు మండిపోతోంది నాకు. ఎక్కడో ఎవడో కలం కదిలిస్తే ఇక్కడ నేను ఒక పిల్ల మోకాలి ముందు కూర్చుని గడియారం చూస్తున్నా.

… ఆ. ఆ. ఊపిరి తీసుకుంటున్నా. తీసుకున్నా.

అన్నా, ఇలా రా. నువ్వు పట్టు. సైకిల్ మెకానిక్కువి, పానా పట్టడం నీకు నేను నేర్పాలా? కింద ఆ రెండు స్క్రూలు. పూర్తిగా ఊడదియ్యకు, వదులు చెయ్యి చాలు. ఆ. ఇప్పుడు రాడ్డు కిందికి లాగి ఆ బిళ్లలు నాలుగూ తీసెయ్యి.

… వదినా, చూస్తున్నావా… నువ్వెలా చూస్తావులే. పద్ధతిగా చేస్తున్నాడు. నాకన్నా శుభ్రంగా చేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఇతన్ని వరండాలో కూర్చోబెట్టా చూడు, నా తెలివి.

… ఏంటి?

… ఏం కవరు?

… నీ ఉద్యోగం కూడా తీసేశారా వదినా?

… పొద్దున కవరు చేతికిచ్చి, సాయంత్రం దాకా సీళ్లు వేసి వెళ్లమన్నారా? ఊళ్లో తాళాలన్నీ నీతో వేయించి, చివరి తాళం నీకు వేస్తారన్నమాట. మరి ఇంతసేపట్నుంచి ఎందుకు చెప్పలేదు?

… నా గొడవలో నేనున్నానా. అది నిజమే. నా నోటికి అడ్డం పడేవాళ్లెవరు.

… అన్నయ్యకి చెప్పావా?

… చెప్పు. ఇవాళే చెప్పు. దాచకు. అలిగి కూర్చుంటే నా దగ్గరికి పంపు, ప్లాస్టర్ వేసి మరీ కూర్చోబెడతా.

… ఏడుస్తున్నావా? నవ్వుతున్నావా? రెండూనా? సరే, రెండూ కానీ.

అయిందా అన్నా? గట్టిగా బిగించు. ఇంకొంచెం. చాలు. మిడతా, నిలబడు. నడుం మీద చేతులు పెట్టి చూడు, రెండు వైపులా సమంగా ఉందా?

… ఉందట వదినా. నిక్కచ్చిగా ఉంది, నేనూ చూశా.

… మూడూ నలభై నాలుగు. డ్రైవరు?

… స్టార్ట్ చేశాడా. సరే. రమ్మను.

నడవమ్మా. గడియారం చూడు. కాదు, వద్దు, గడియారం చూడకు. కిటికీ చూడు. నా చెయ్యి ఇక్కడే ఉంటుంది, నిన్ను తాకదు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదు…

… వదినా, నువ్వు లెక్కపెట్టకు, నాకు తప్పిపోతోంది.

ఆరు. మెల్లిగా, తొందరేం లేదు. ఏడు. అన్నా, నువ్వు కళ్లు మూసుకుంటే ఎలా, చూడు. ఎనిమిది. తొమ్మిది.

పది.

… పది వదినా. పది. చెయ్యి ఆనలేదు, వాళ్ల నాన్న మీదొట్టు.

పదకొండు… చాలమ్మా. పన్నెండు. చాలంటే ఆగట్లేదు. కడ్డీలు దాటేసింది. గోడ దాకా వెళ్లి గోడని ముట్టుకుని వస్తోంది.

… ఏడవకు వదినా. నువ్వేడిస్తే నేనూ మొదలుపెడతా. ముందు పుస్తకం పని చూడాలి. మిడతా, ఇలా రా, ఇక్కడ సంతకం. ఇదిగో, ఈ గీత మీద.

… పెడుతోంది. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాస్తోంది. ముత్యాల్లాంటి అక్షరాలు. అమ్మా తల్లీ, ఆ శ్రద్ధ పరీక్షల్లో చూపించు, ఇక్కడ గీకేస్తే చాలు.

… అయింది. టైము మూడూ నలభై ఎనిమిది అని నేనే వేస్తున్నా. ఇప్పుడు కొట్టెయ్యి నీ 'అసంపూర్తి'ని.

… ఇంకో మాట వదినా. చెప్తే కేకలెయ్యకూడదు.

… ఆ నాలుగు బిళ్లలు. వాళ్ల నాన్న జేబులో ఉన్నాయి.

… నేనే పెట్టుకోమన్నా. అలెన్ కీ కూడా. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒకటి ఎక్కిస్తాడు. ఇప్పుడేగా చేతులారా చేశాడు. ఏడాది, ఏడాదిన్నర గడుస్తుంది దాంతో.

… దాతల సొత్తే. కాదనట్లేదు.

… నీ లిస్టులో ఎన్నున్నాయి? పన్నెండా? ఎనిమిది చెయ్యి.

… వదినా?

… ఆ గీకుడేంటి, పెన్నా?

… చేశావా.

… పెన్నుతో దిద్దితే కనబడుతుంది మరి.

… కనబడనీ అంటున్నావా. అబ్బో. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నా నిన్ను, ఒక కొట్టివేత లేదు నీ కాగితాల్లో. మా అన్నయ్య పెట్టిపుట్టాడు వదినా, ఆ మొద్దుకి తెలీదు గానీ.

… ఆ, బయల్దేరుతున్నారు. సైకిలెక్కమంటే ఎక్కనంటోంది. నడిచే వెళ్తుందట ఇంటిదాకా. వెళ్లు తల్లీ. మేజోళ్లు రోజూ ఉతుక్కో. నొప్పి పుడితే… నొప్పి పుడితే నాన్నకి చెప్పు.

… మామూలుగా 'నా దగ్గరికి రా' అంటాను వదినా. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

… ఇంకా ఎవరైనానా? ఉన్నారు. వరండాలో ఎనిమిది మంది. బెంచీ మీద ఆరుగురు, మెట్ల మీద ఇద్దరు.

… వాళ్లవి అచ్చుల దాకానే వచ్చాయి. నీ లిస్టులో చివర చూడు, 'ప్లాస్టర్ అచ్చులు, ఎనిమిది' అని ఉంటుంది. అవే. కాళ్లు మొదలే పెట్టలేదు.

… లేదు, వాళ్లకి తెలీదు. ఎలా చెప్పను? పొద్దున్నుంచి ఈ ఒక్కటైనా తేల్చేస్తే చాలనుకుంటూ తలుపు వేసుక్కూర్చున్నా.

… అదేం చప్పుడా? చప్పట్లు వదినా. మిడత వాళ్ల ముందునుంచే నడుచుకుంటూ వెళ్తోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇంత బాగా నడుస్తోందంటే తర్వాత మన వంతే అనుకుంటున్నారు.

… నోటీసు అంటించమన్నారా? తలుపుకి అంటించేసి వెనక నుంచి వెళ్లిపొమ్మన్నారా నన్ను?

… వద్దు. నువ్వొచ్చి చెప్పడం కూడా వద్దు. నువ్వు సీలు వేసి వెళ్లు, అదే చాలా బరువు ఇవాళ నీకు. వాళ్ల కొలతలు తీసుకుంది నేను వదినా. ఒక్కొక్కరినీ పట్టుకుని, ఇంకెంత, నెల రోజులు అన్నది కూడా నేనే. చెప్పాల్సింది కూడా నేనే.

… ఉంటా. బెంచీ మీది తాత తలుపు కొడుతున్నాడు, లోపలికి రమ్మంటావా అని. మిగతావాళ్లు కూడా లేస్తున్నట్టున్నారు, కర్రలు టకటకమంటున్నాయి.

పెట్టేస్తున్నా వదినా.

లేవకండి తాతా, ఎవరూ లేవకండి. నేనే బయటికి వస్తున్నా.