నీ ఇంటాయన

హలో… ఆ, నేనేనండి, మణిని. షాపులోంచే.

… లేదు, కొత్త కంప్యూటరు బాగానే ఉంది. బాలు వచ్చి వైర్లన్నీ పెట్టేసి ఎళ్ళిపోయేడు. పాతదాంట్లో మెయిళ్ళు బేకప్పని ఓ డిస్కులో దాసేరు కదా, అదీ తగిలించేడు. గంట నుంచి ఒకటీ ఒకటీ దిగుతన్నాయి.

… దొరికింది. శాంతిరాజు అయ్యగారు అడిగిన చర్చి ప్లాను మెయిలు దొరికింది. అదొక్కటే దొరికుంటే బాగుణ్ణు.

… నాకేటి కోపం? నాకేటీ లేదు. అనకాపల్లిలో టోనరు దొరికిందా? సరే. బస్సెక్కేలోగా ఒక్క మాట సెప్పీండి, జెస్సీ డాడీ. దుర్గాదేవి ఎవరు?

… హలో?

… లైను బాగానే ఉంది. ఎనకాల "చోడవరం, చోడవరం" అని కండక్టరు అరుస్తన్నది కూడా వినిపిస్తంది.

… "ఏ దుర్గాదేవి" అంటే? ఎంతమందున్నారేటి?

… అరవై రెండు మెయిళ్ళండి! నేనే లెక్కెట్టేను. మీ ఐడీ నుంచే ఆ దుర్గాదేవి ఐడీకి ఎళ్ళేయి. మన పెళ్ళైన రెండో ఏటి నుంచి. కింద ఏటని రాసేరు? "ఇట్లు, నీ ఇంటాయన." ఇంటాయనట! నాకు తెలీకుండా ఇంకో ఇల్లు ఎక్కడ కట్టేరండీ?

… నవ్వకండి. నవ్వేరంటే ఈ కొత్త కంప్యూటరు రోడ్డు మీదుంటాది.

… తేదీలు కూడా సూసేను. అన్నీ ఆదివారాలే. ఆరాధన అవడం తరవాయి, "షాపులో పనుంది మణీ" అని పరిగెట్టీవోరు. నేనేమో పిచ్చిదాన్ని, పాపం అన్నం కూడా తినకుండా ఎళ్ళేరని కేరేజీ కట్టి పంపీదాన్ని. ఆ కేరేజీ తింటా రాసేరా ఇవన్నీ?

… సదవనా? సదువుతాను, వినండి. "నువ్వు లేని ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే నీ గాజుల చప్పుడికి లేచే అలవాటు. ఇప్పుడు గడియారం చూసి లేవాల్సొస్తోంది."

… ఎవరు? సత్యారావా?

… ఏ సత్యారావు, సుగర్ ఫేక్టరీలో పన్చేసీవోడు, రోలుగుంటాయనా?

… ఆ పెళ్ళాం పేరే దుర్గాదేవా. మస్కట్‌లో ఇంటిపనికెళ్ళిందా. … ఊఁ. … ఊఁ. … షాపుకి మెయిళ్ళు పంపించుకోడానికొచ్చినోళ్ళందరూ పాస్‌వర్డులు మర్చిపోతన్నారని, అందరి ఉత్తరాలూ మీ ఐడీ నుంచే పంపీవోరా.

… మరి కింద ఆడి పేరు ఎందుకెయ్యలేదు? పైన ఆవిడ పేరెందుకు లేదు?

… పెళ్ళాం పేరు నోటితో పలకడా? తన పేరూ రాయనియ్యడా? … అవున్లెండి, ఆళ్ళిళ్ళల్లో అంతే. మన పక్కింటి అచ్చియ్యమ్మ కూడా, మీ ఇంటాయన పేరేటని అడిగితే కేలండరు మీద గణపతిని సూపించి, పక్కకి తిరిగి "రావు" అంటాది.

… నమ్మేను. నమ్మేనంటన్నాను కదా. ప్రభువు తోడు, నా గుండె ఇప్పటికి సోటుకొచ్చింది.

… ఆ, ఉండండుండండి. పెట్టీకండి.

… సత్యారావు మొన్న ఆధార్ జిరాక్సుకొచ్చేడు. రెండు కావాలని రెండు వేళ్ళు సూపించేడు తప్ప నోరిప్పలేదు. ఆడికి గాజుల సప్పుడు మాటెలా తెలుసండీ?

… నిజం సెప్పండి. ఆడు ఏటి సెప్పీవోడు?

… "బాగున్నాం, పిల్లలు బాగున్నారు, నువ్వు జాగర్త." అంతేనా? … తరవాత తలొంచుకుని కూకునీవోడా. … కళ్ళమ్మట నీళ్ళు తిరిగీవా. పాపం.

… అయితే మిగతాదంతా మీరు రాసేరన్నమాట. సొంతంగా. ఎవడి పెళ్ళానికో.

… పుణ్యమా? బాగా సేసేరు పుణ్యం! ఆ దుర్గాదేవి అదృష్టమే అదృష్టం. సముద్రం అవతలున్నదానికి ఆదివారం ఆదివారం ఉత్తరం. నేను అప్పుడెక్కడున్నానో గురుతుందా? జనవరి నుంచి మార్చి దాకా కోటపాడులో, మాయమ్మింట్లో. జెస్సికా పుట్టింది. గంట దూరం. మీరు ఫోను సేసి ఏటన్నారు?

… నేను సెప్తాను. "మణీ, గేసు బుక్కు ఎక్కడెట్టేవు?" అన్నారు. ఇంకోసారి సేసి, "పప్పులో ఉప్పెంతెయ్యాలి?" అన్నారు. పిల్ల ఎలాగుందని మాయమ్మనడిగేరు. నేనెలాగున్నానని ఎవర్నీ అడగలేదు. నేను గోడకేసి తిరిగి తొంగున్నాను. ఆ ఆదివారమే ఇక్కడ కూకుని "నువ్వు లేని ఇల్లు ఇల్లులా లేదు" అని మస్కట్ పంపేరు!

… అవును, కుళ్ళే! కుళ్ళుకుంటన్నాను! ఆవిడ మొగం కూడా సూడలేదు, అయినా కుళ్ళుగానే ఉంది. పద్నాలుగేళ్ళలో నాకొక్క మాట… ఒక్కటంటే ఒక్కటి…

… ఏడవటం లేదు. జలుబు.

… ఏటి సదవాలి? ఏ మెయిలు? … ఫిబ్రవరి ఇరవయ్యా? సూసేన్లెండి, సగం. … కింద దాకా సదవాలా. ఉండండి.

… "ఫేక్టరీ దారిలో బెల్లం వాసన వస్తోంది. నువ్వు మస్కట్ వెళ్ళినప్పటి నుంచి ఏదీ తినబుద్ధి కావడం లేదు." … ఊఁ, సదువుతన్నాను. … "ఎడం చెవి దుద్దు శీల ఊడిపోతే, ఎవరూ చూడరనుకుని ఎర్రదారం చుట్టుకుని, పైన జుట్టు కప్పుకున్నావు. నేను చూశాను. ఆ రోజు నిన్ను చూస్తూ పాట మధ్యలో…"

…

… అది నా దుద్దు.

… జెస్సికా పుట్టకముందు ఈస్టరు నాడు కదా. కోయిర్‌లో పాడతన్నాను. మీరు తబలా తప్పు కొట్టేరు, అయ్యగారు మీకేసి సూసేరు. … ఎర్రదారం మీకెలా కనిపించిందండీ? జుట్టు కప్పేను కదా.

… ఉండండి, దీని కిందే ఆవిడ జవాబుంది. "ఏవండీ, నా దుద్దులు అమ్మే కదా నేను విమానం ఎక్కేను. మీరు ఎవరి దుద్దులు చూసేరు? నిజం చెప్పండి."

… దేవుడా! ఆవిడకీ వచ్చిందా అనుమానం! పాపం సత్యారావు ఏటన్నాడు మరి? … కలొచ్చిందని రాయించేడా! … ఆవిడ ఊరుకుందా? నేనైతే ఊరుకోను.

… అయినా మీకెంత ధైర్యమండీ, నా దుద్దు తీసుకెళ్ళి ఆవిడకి పెట్టేస్తారా? గాజులు కూడా నావేనా? … అన్నీనా? అరవై రెండూనా?

… మరి నాకెందుకు పంపలేదు?

… ఐడీ లేదంటే? ఊరందరికీ ఐడీలు పెట్టేరు, నాకొకటి పెట్టలేకపోయేరా? కాయితం లేదా? పెన్ను లేదా? … సిగ్గట! ఎవడి పెళ్ళానికో రాయడానికి లేని సిగ్గు, నాకు రాయడానికొచ్చిందా?

… వద్దు, ఇప్పుడేటీ సెప్పకండి. బస్టాండులో పదిమందిలో ఏటి సెప్తారు? సత్యారావులాగే మీరూ మింగేస్తారు.

… ఈ సప్పుడా? ప్రింటరు. ఆ దుద్దు మెయిలు తీస్తన్నాను. ఒక్కటే.

… ఆవిడకెందుకు, నాకే. పైన పేరు లేదు, కింద పేరు లేదు, మార్చడానికి ఏటుందండీ? మస్కట్ అన్న కాడ కోటపాడు అని కొట్టేను. అంతే.

… వచ్చింది. సేతిలో ఉంది, ఎచ్చగా ఉంది.

… కింద "నీ ఇంటాయన" అనుంది గానీ సంతకం లేదు. ఇంటికెళ్ళకండి. బస్సు దిగి తిన్నగా షాపుకొచ్చి సంతకం పెట్టండి. … ఆ, పూర్తి పేరు. జాబేజ్ అని. నేను షట్టరు దించకుండా కూకుంటాను.

… ఉంటాను. బస్సెక్కండి.