పొద్దు గుంకాక

కాన్సస్‌లోని ఆ చిన్న ఊళ్లో బడిపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్, బంతి చేతపట్టి పరిగెత్తే ఆట, విరామంలో ఉండగానే పొద్దు గుంకింది. మైదానం పక్క గదిలో కూర్చుని రేడియోలో ఆట చెబుతున్న ఆయన, "ఇక సెలవు" అనబోతుంటే భార్య మైకును చేత్తో మూసింది.

"సెలవెందుకు?"

"చీకటి పడితే మన ఏఎం స్టేషన్ ఆపాలిగా, రాత్రి దూరపు స్టేషన్లకు అడ్డు పడకుండా. ముప్పై ఏళ్లుగా అదే రూలు."

"ఏఎం ఆపు, నోరు ఆపకు. పగలు ఏఎం పలికింది కాబట్టి, రాత్రి నీ మాట మనం పెట్టిన కొత్త ఎఫ్‌ఎం మీద పోవచ్చు. ఆ రూలు నాకు చెప్పింది నువ్వే."

"చెప్పాన్లే."

"మరి? లోరీన్ పిన్ని ఓల్డేజ్ హోమ్‌లో రేడియో ముందు కూర్చుంది. చూపు లేని మనిషి. మనవడి ఆట ఒక్కసారైనా చివరిదాకా వినాలని ఆశ."

"ఎప్పట్లాగే పొద్దున ఫోన్ చేస్తుంది. చెబుతాను."

"ఓడినా గెలిచినంత బాగా చెబుతావు. నాకు తెలియదా?"

ఆయనకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ చీకటి తననే కాపాడిందని ఇప్పుడే తోచింది.

"వాడు ఓడిపోతే, ఆవిడకు అప్పటికప్పుడు నా నోటితో ఎలా చెప్పను?"

"నిన్ను ఓదార్పు అడగలేదు. ఆట అడిగింది."

ఆయన ఏఎం ఆపాడు, ఎఫ్‌ఎం ఉంచాడు. విరామం అయిపోయి ఆట మళ్లీ మొదలైంది. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"పిన్నీ, బంతి మీవాడి చేతికొచ్చింది. పరిగెడుతున్నాడు."