డాక్టర్ ఎసెల్‌బోర్న్ గారు, ఓల్‌బాఖ్ మార్టెన్

1987 అక్టోబరు ఒకటిన మన ఓల్‌బాఖ్ వైద్యశాలలో చేరిన డాక్టర్ ఫోల్క్‌మార్ ఎసెల్‌బోర్న్ గారు, తన ఎదుట కూర్చున్న వృద్ధుడు గోడమీది పట్టికలో అన్నిటికన్నా పెద్ద అక్షరాన్ని కూడా చదవలేడనీ, ఆ మనిషే బడి ముందుగా స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చాడనీ తొలి గంటలోనే కనుగొన్నారు.

ఆయన రైతు అలోయిస్ క్రాయ్‌షర్. కీర్తిశేషులైన వారి పేరును కుమార్తె రోజ్‌విత గారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాము.

“ఇక కారు ముట్టకండి,” అన్నారు డాక్టరు గారు.

“నలభై ఏళ్లుగా తిరిగిన రోడ్డయ్యా. కళ్లు మూసుకుని పోతా!”

“ఇప్పుడు చేస్తున్నది అదే కదా పెద్దాయనా.”

“నా లైసెన్సు తీసేయమని పై ఆఫీసుకు ఉత్తరం రాశావో, మళ్లీ నా గడప తొక్కనివ్వను!”

అది ఉత్త బెదిరింపు కాదు. క్రాయ్‌షర్ గారిది బలహీనమైన గుండె, ఒంటరి జీవితం. వారం వారం వచ్చే వైద్యుడు లేకపోతే ఆ చలికాలం దాటరు. ఉత్తరం రాస్తే ఆయన దక్కరు. రాయకపోతే ఏదో ఒక ఉదయం ఓ బడిపిల్ల దక్కదు.

మరుసటి మంగళవారం ఆ కారు కదలలేదు. ఇంజనుకు నిప్పందించే వైరు మాయమైంది. మన అడవిలోని మార్టెన్లనే ముంగిసంత జంతువులు కార్లలో దూరి వైర్లు కొరకడం కొత్త కాదు గనుక ఊరంతా వాటినే తిట్టింది. క్రాయ్‌షర్ గారు షెడ్డులో గుడ్డు ఎరగా పెట్టారు. తెల్లారేసరికి గుడ్డు లేదు. మెకానిక్ ఊడో బిగించిన కొత్త వైరూ లేదు.

“కొరికిన ముక్కైనా మిగల్చదేంటి మామా? భలే శుభ్రమైన జంతువు!” అన్నాడు ఊడో.

మూడో వైరు కూడా పోయాక క్రాయ్‌షర్ గారు విసిగి కారు అమ్మేశారు. ఆపై పదకొండేళ్లు, ఆయన కన్నుమూసేదాకా, డాక్టరు గారే తన కారులో ఆయనను తిప్పారు.

1992లో, అప్పటిదాకా వైద్యశాల నడిపిన పెద్ద డాక్టరు గారు తప్పుకోగా ఏడు ఊళ్ల భారం ఎసెల్‌బోర్న్ గారి మీద పడింది. మంచులో కారు కూరుకుపోతే సంచి భుజాన వేసుకుని నడిచారు. అరవై అయిదో ఏట, తన స్థానంలోకి ఎవరూ రాకపోతే, “తాళంచెవి అందుకునే చెయ్యి దొరికేదాకా కదలను,” అని మరో మూడేళ్లు నిలిచారు. ఈ జూన్ ముప్పయ్యిన ఆ తాళంచెవిని డాక్టర్ నెస్రిన్ గారికి అందించి పదవీ విరమణ చేస్తున్నారు.

వారికి పూర్ణాయుష్షు, గట్టి మోకాళ్లు, వారమంతా ఆదివారాలు కలగాలని సహోద్యోగులందరం కోరుకుంటున్నాము.

గత శుక్రవారం వీడ్కోలు కాఫీ దగ్గర రోజ్‌విత గారు అడిగారు. “డాక్టరు గారూ, ఆ మార్టెన్ చివరికి దొరికిందా?”

ఆయన తన తోలుసంచి అడుగు నుంచి మూడు నల్లటి వైర్లు తీసి బల్లమీద పెట్టారు.

“అది నేనేనమ్మా. సాయంత్రం మీ నాన్న బీపీ చూడ్డం, పోతూ పోతూ షెడ్డులో వైరు పీక్కెళ్లడం. ఆ గుడ్డు కూడా నేనే పట్టుకెళ్లి అట్టేసుకు తిన్నాను. అది పోకపోతే మార్టెన్ పనని మీ నాన్న నమ్మడు గదా!”