కొండకు జోల పాడిన మామ

కొండ కింద టీ కొట్టులో ఆ సాయంత్రం బావులు తవ్వే మామ గొంతు కాస్త ఎక్కువగానే లేచింది. కారణం ఉంది. రాళ్ళు పరీక్షించే మేడం ఒకావిడ బల్ల చివర కూర్చుని, రేపు తనతో శిఖరం దాకా రావడానికి దారి తెలిసిన మనిషి కావాలంటోంది. ఆ పని తనకే రావాలని మామ పంతం.

"నేనేం పెద్ద గొప్ప పని చేయలేదమ్మా, ఈ కొండ పక్కన ఒక బావి తవ్వాను, అంతే. నలభై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకొకడైతే హాయిగా స్నానం చేసి ఇంటికి పోయేవాడు. నేనలా వదిలే మనిషినా? కొండలు రెండు రకాలమ్మా. నేల కడుపులో కరిగిన రాయి పైకి పొంగి పేరుకుంటే అది నిప్పు కొండ. దుప్పటిని రెండు వైపులా నెడితే మధ్యలో లేస్తుందే, అలా నేల ముడతపడి లేస్తే అది ముడత కొండ. నీళ్ళు వెచ్చగా ఉన్నాయంటే మనది నిప్పు కొండేగా! ఆ వేడి పట్టుకుని తవ్వుకుంటూ పోయాను, పోతే ఏం కనపడిందో తెలుసా?"

"ఇంకో బావి," అన్నాడు పక్కనే టీ తాగుతున్న ఊరి మంగలి.

"నువ్వుండవోయ్. నిప్పు పడుకుని ఉంది. ఎర్రగా, మెల్లగా ఊపిరి తీస్తూ, పాలు తాగి నిద్రపోయిన పసిపిల్లలా. నా పలుగు చప్పుడుకి కళ్ళు తెరిచింది. అది లేస్తే ఊరు మిగులుతుందా? పక్కన కూర్చుని జోకొట్టాను. మూడు వారాలు జోల పాడాను. అరచేతులు కాలిపోయి కొత్తవి మొలిచాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది నాతో మాట్లాడింది. 'మామా, నాకు కోపమొస్తే కక్కేస్తాను, మనసు తేలికపడుతుంది. పాపం ఆ ముడత కొండని చూడు, కోట్ల ఏళ్ళుగా రెండు వైపుల నుంచీ నెడుతున్నా ఒక్క మాట అనదు, ఏడాదికి గోరంత పెరిగి ఊరుకుంటుంది' అని వెక్కి వెక్కి ఏడ్చింది. బావిలో వెచ్చటి నీళ్ళు అవే."

టీ కొట్టు అక్క వడపోత గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపు అందరికీ బల్ల కింద నేల ఊపిరి తీస్తున్నట్టే అనిపించింది.

"అక్కడి రాయేమైనా తెచ్చారా?" అని అడిగింది మేడం.

మామ ఠీవిగా సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని నీళ్ళతో తుడిచి, భూతద్దం పెట్టి చూసింది.

"ఇందులో సముద్రపు గుల్ల ఉంది మామా. కరిగిన రాయిలో గుల్ల మిగలదు. ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగు. మీరన్న రెండో రకం, ముడతపడి లేచింది. పైకెళ్ళే దారంతా ఇలాంటి గుల్లలే ఉంటాయి, ఎక్కినవాళ్ళ కంట పడక మానవు. మీరెప్పుడైనా ఎక్కారా?"

మంగలి నవ్వబోయి మామ మొహం చూసి ఆగాడు.

"లేదమ్మా," అన్నాడు మామ ఆమె చేతిలోని రాయినే చూస్తూ. "బతుకంతా కిందికే దిగాను. పైకెక్కే పని ఎవరూ ఇవ్వలేదు. ఒక్కసారి ఎక్కాలని మాత్రం చాలా ఉంది."

మేడం రాయిని ఆయన చేతిలో పెట్టింది.

"పొద్దున ఆరింటికి వచ్చెయ్యండి. దారి ఇద్దరం కలిసి వెతుక్కుందాం. దిగొచ్చాక, చూసినవాటి మీద కోతలు కోద్దురుగాని."