కప్లింగ్ కింద కాగితం

పొద్దున్నుంచీ ఇల్లు కదలకుండా కూర్చోమంటే ఎలా మావయ్యా? మెట్ల దగ్గర నోటీసు అంటించారు, ఇవాళ ఇళ్లు వెచ్చబెట్టే హీటింగు పైపుల్లోకి వేడినీళ్లు వదులుతున్నాం, అందరూ ఇళ్లల్లో ఉండి పైపులు చూసుకోండి అని. పదిన్నరయింది. నీళ్లేవీ? మూడో అంతస్తులో క్లావ్దియాగారింట్లో అప్పుడే వెచ్చబడిందట. మన ఐదో అంతస్తుకి ఎక్కాలంటే ముహూర్తం చూసుకోవాలేమో.

టీ తాగండి. ఎడమచేత్తో, ఎడమచేత్తో. ఒలుకుతుంది.

ఏడు నెలలుగా ఈ వంటింట్లో మడతమంచం మీద పడుకుంటున్నారు. నాకు మాత్రం బాధ లేదా? ఆ పక్షవాతం మీ మాట పట్టుకుపోయింది, మా నిద్ర పట్టుకుపోయింది.

మీ కూతురు ఏమంది? "బాల్కనీకి అద్దాలున్నాయిగా, అక్కడిదాకా పైపు పొడిగించు. వెచ్చగా ఉంటే నాన్న అక్కడుంటాడు, సోమవారం వచ్చే వృద్ధాశ్రమం బండిని ఖాళీగా తిప్పి పంపేస్తా. వెచ్చబడకపోతే ఎక్కించక తప్పదు" అంది. రెజెదా మాటంటే మాటే. ఎవరి పోలికో వేరే చెప్పాలా?

అందుకేగా నిన్నంతా నడుం విరగ్గొట్టుకున్నా. ట్రామ్ నడుపుకునేవాణ్ణి, నేనేమన్నా ఫిట్టర్నా? పాత పైపు కోశా, చివర మరలు వేశా, కొత్త పైపు తెచ్చి మధ్యలో కప్లింగ్ బిగించా. రెండు పైపుల్ని కలిపే జానెడైనా లేని ఇనప ముక్క, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నా.

సరే సరే, అలా చూడకండి. నీళ్లు కారకుండా మరల మీద అవిసె నార చుట్టి రంగు పూయాలంటారు మీరు. ఈ ఇజెవ్‌స్క్ ఊళ్లో ఫిట్టరుగా నలభై ఏళ్లు అలాగే బిగించారు. నేను తెల్ల టేపు చుట్టా. నారకి ఓపిక కావాలి, టేపుకి రెండు నిమిషాలు చాలు. కొట్టువాడు కూడా ఇదే మేలన్నాడు మరి.

అదుగో, గుడగుడ. విన్నారా? వస్తోంది. కప్లింగ్ కింద పొడి కాగితం పరిచా, చుక్క పడితే తెలిసిపోతుంది. పొడిగానే ఉంది. ఉండండి మళ్లీ చూసొస్తా. ఆఁ, పొడిగానే ఉంది.

కూర్చోలేకపోతున్నా మావయ్యా.

నిన్న మీరు కర్రతో నేలమీద కొట్టారు చూడండి. బిగించాక పైపు చివరి వంపు గోడవైపు తిరిగిపోయింది, బాల్కనీలో వెచ్చదనానికి పెట్టిన రేడియేటర్‌కి ఎదురుగా రాలేదు. సరిచేద్దామని పావు చుట్టు వెనక్కి తిప్పా. సరిగ్గా అప్పుడే కొట్టారు, రెండుసార్లు. ఆకలేసిందేమోనని రొట్టెకి వెన్న రాసిచ్చా. మీరు ముట్టలేదు.

ఆకలి కాదని నాకు తెలుసు. నార అయితే కాస్త వెనక్కి తిప్పినా ఓర్చుకుంటుంది, టేపు ఓర్చుకోదు. పెళ్లయిన కొత్తలో మీరే చెప్పారు. తెలిసే తిప్పా. అంతా విప్పి మళ్లీ చుట్టాలంటే బద్ధకం.

ఇదుగో, కాగితం మీద మచ్చ. పక్కన ఇంకోటి.

వాల్వు కట్టేశాలెండి, లేవకండి. ఏం పరవాలేదు, ఇవాళ శనివారమేగా. నార మీ పెట్టెలో ఉంది, రంగు కూడా ఉండాలి. మీరిక్కడ కూర్చుని చూడండి. ఈసారి తప్పు చేస్తే కర్ర నేలమీద కాదు, నా వీపుమీద వెయ్యండి. రేపటికి బాల్కనీ వెచ్చబడుతుంది. వెచ్చబడి తీరాలి.

ఎందుకంటారా? ఆశ్రమంలో మన వంతు ఇంత తొందరగా ఎలా వచ్చిందా అని రెజెదా ఇప్పటికీ ఆశ్చర్యపోతోంది. తనకి తెలీదు. ఆశ్రమానికి కాగితం రాసుకోడానికి వచ్చిన డాక్టరమ్మ నన్నడిగింది, "ఎదుటివాళ్లు చెప్పేది ఈయనకి అర్థమవుతుందా?" అని. అర్థం కాదంటే వరసలో ముందుకి జరుపుతారట. కాదన్నా. సంతకం కూడా పెట్టా. కాస్త చోటు దొరుకుతుంది, ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోవచ్చు అనుకున్నా, అంతే.

మీకేమీ అర్థం కాదన్న మాట మీ ముందే అన్నాను మావయ్యా. మీరు ఆ స్టూలు మీదే ఉన్నారు. డాక్టరమ్మ కాగితంలోకి చూస్తోంది. మీరు నావైపు చూస్తున్నారు.