సప్పుడు లేని గల్లీలు

సిరిసిల్ల బస్టాండు ముందు, ఉదయం తొమ్మిది గంటలకు. ఆటో నడిపేది గంగారాం. వెనక సీట్లో మహేందర్.

"గా పెద్ద రోడ్డు వద్దు కాకా. బట్టల దుకాండ్లు వద్దు. సప్పుడు లేని గల్లీలు సూపెట్టు."

"సిరిసిల్లకు అచ్చినోళ్లందరు సాంచాలే సూపెట్టుమంటరు తమ్మి. కరెంటు మగ్గాలు. నువ్వేంది, సప్పుడు వద్దంటున్నవ్?"

"వీడియోలు తీసి ఫోన్ల పెడుత. సప్పుడుంటె నా మాట ఇనవడదు."

"ఓహో. ఏ ఊరు మనది?"

"మల్లాపూర్ దిక్కు. మహేందర్ నా పేరు. మస్కట్ల ఉంట. నువ్వు ఒంటిపూటల ఊరంత తిప్పుతవని చాయ్ బండాయన జెప్పిండు."

"తిప్పుత. కాలేజీ పోరగాండ్లు అస్తరు, హైదరాబాద్ మేడమ్‌లు అస్తరు. ఒంటిపూట, ఐదు గల్లీలు, నడుమ ఓ చాయ్. ముప్పై ఏండ్లు సాంచాలు నడిపినోణ్ణి, నాకు తెల్వని గల్లీ లేదు. ముందుగాల అందరికి సేతి మాటలు నేర్పుత."

"సేతి మాటలేంది?"

"సాంచాల కాడ నీ మాట నీకే ఇనరాదు. అంత సేతులతోటే. గిట్ల రెండు సేతి ఏళ్లు పెదవుల కాడ పెడితె, చాయ్. గిట్ల చెవు పట్టుకుంటె, సేటు అస్తుండు. గిట్ల మెడ కాడ సెయ్యి అడ్డం తిప్పితె, సాంచా ఆపు. ఒకలను సూసి ఒకలు, గల్లీ కొసదాక పోతది గా మాట."

"సరే సరే. నడువు."

"వీడియో తీస్తలేవు?"

"తీస్త. నువ్వు నడువు."

"ఇగో, మొదటిది. గీ గల్లీల అరవై సాంచాలు ఆడుతుండె. ఇప్పుడు ఒక్కటి లేదు. అన్ని తుక్కుకు పోయినయ్. సూడు, కుక్క మొరిగితె గా కొసకు ఇనవడుతది."

"కిరాయికి ఉంటరా ఎవలన్న?"

"ఎవలుంటరు?"

"బయటి నుంచి అచ్చినోళ్లు. ఆడోళ్లు. ఒంటిగ ఉండేటోళ్లు."

"వీడియోకు గదెందుకు?"

"ఊకె అడిగిన."

"గా మూల ఇంట్ల ముత్తమ్మ ఉంటది. బయటి నుంచే అచ్చింది, ఒంటిగనే ఉంటది. ఎనభై ఏండ్లు. పిలువాల్నా?"

"వద్దు. ఇంకో గల్లీకి పా."

"మస్కట్ల ఏం పని తమ్మి?"

"హోటల్ల మాంసం కొడుత."

"గొర్లా?"

"గొర్లు, మేకలు. అప్పుడప్పుడు ఒంటె. పొద్దుగాల మొదలువెడితె చీకటయ్యేదాక. తొమ్మిదేండ్లాయె. బొక్క ఏడ తెగుతదో సూసే పని లేదు, సేతికే తెలుస్తది."

"సంచిల గా కత్తులేనా, గల్లుమంటున్నయ్?"

"నా పని సామాను. ఇడిసి ఉండలేను. … ఆపు. ఆపు కాకా. గా కిటికీల ఎవలో ఉన్నరు."

"గది మా పోశవ్వ కోడలు. సంకల పిల్లగాడు సూడు."

"ఊఁ. … గీ ఫోటో సూడు."

"అద్దాలు లేవు తమ్మి."

"జేబుల ఉన్నయ్ గదా."

"అవునా? … ఎవలు?"

"నా పెండ్లాం. అనూష. ఆర్నెల్లాయె ఇల్లిడిసి. గీ ఊర్లెనే ఉన్నదట."

"అయితె వీడియో గీడియో ఏం లేదన్నట్టు."

"లేదు."

"ముందే జెప్పద్దా? ఊకె సేతి మాటలు నేర్పిస్తి."

"సూసినవా లేదా?"

"గిసొంటి మొఖాలు సిరిసిల్లల వెయ్యి ఉంటయ్. సెయ్యికి గా పట్టి ఏంది?"

"బాత్‌రూంల జారి పడ్డది."

"మోచేతి కాడ."

"జారి పడ్డదంటున్న గదా!"

"జారి పడితె మణికట్టు ఇరుగుతది. మోచెయ్యి గట్ల ఇరుగాలంటె ఎవలో పట్టి వెనుకకు మలపాలె."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"సాంచా పట్టాల పడి ఇరిగిన సేతులు మస్తు సూసిన. పిండికట్టు కట్టిపిచ్చుకొచ్చింది గూడ నేనే."

"… నేనే మలిపిన. అయితె ఏంది? మొగడు పెండ్లాల నడుమ వంద ఉంటయ్."

"గా వందల ఇదెన్నోది? ఏం జేసింది ఆమె?"

"ఫోన్ జేస్తె బిజీ అచ్చింది. పదకొండు నిమిషాలు. పొద్దుగాల లేసి వీడియో కాల్ పెట్టి ఫోను పొయ్యి కాడ నిలవెట్టాలె అని జెప్పిన. నేను పని జేసుకుంట ఆమెను సూసుకుంట ఉంట. ఒక్కనాడు బంద్ జేసి ఎవలతోటో మాట్లాడింది."

"ఎవలతోటి?"

"వాళ్లమ్మతోటి అన్నది. చుట్టీ మీద ఇంటికి అచ్చినంక సెయ్యి పట్టుకొని మల్ల అడిగిన. గప్పుడు గూడ అమ్మతోటే అన్నది."

"అబద్ధమా?"

"… కాదు. తర్వాత తెల్సింది, నిజమే. కని గప్పటికే ఇరిగింది."

"గీ ఊర్లె ఉన్నదని ఎవలు జెప్పిండ్రు?"

"దాని చెల్లె. కోరుట్లల బీడీలు జేస్తది. మొన్న పోయి అడిగిన. తెల్వదన్నది. ఆకు కత్తిరించే కత్తెర ఉన్నది గదా, దాని నడుమ ఏళ్లు పెట్టిపిచ్చిన. సిరిసిల్ల అన్నది. గల్లీ దానికి గూడ తెల్వదు, తెలిస్తె రెండో ఏలు దాక ఆగకపోతుండె. ఏంది కాకా, ఆటో ఆపినవ్?"

"ఏం లేదు. బ్రేకు పట్టేసింది. … సప్పుడు లేని గల్లీలే ఎందుకు వెతుకుతున్నవ్ మరి?"

"దానికి సప్పుడంటె పడదు. గిన్నె కింద పడ్డా చెవులు మూసుకొని మూలకు కూసుంటది. గాలి సోకిందని కొండగట్టు గుడికి తీస్కపోయి పదకొండు దినాలు ఉంచిన. తగ్గలే. గసొంటిది సాంచాల నడుమ ఉంటదా? సప్పుడు లేని కాడనే ఉంటది."

"మస్తు సోంచాయించినవ్."

"పెండ్లాం గురించి నాకు తెల్వదా?"

"ఇగో, మూడోది. బడి వెనుక గల్లీ. సెలవులు, పిల్లలు గూడ లేరు. చాయ్ తాగుతవా?"

"తాగ. నడువు."

"గీ గల్లీకి అచ్చినప్పుడు ఒక ముచ్చట జెప్త, టూర్‌ల ఉంటది. ఇంకో గల్లీల ఒకాయన నాలుగు సాంచాలు నడుపుతుండె. పట్టపగలు, ఎండకాలం. గోడకవతల అర్రల ఆయన బిడ్డ, అల్లుడు. అన్నం సల్లారిందని అల్లుడు సాంచా కట్టె తీసిండు."

"నాకు కథలు వద్దు కాకా."

"ముందుగాల కాళ్ల మీద కొట్టిండు, ఉరకకుండ. తర్వాత నోటి మీద, ఒర్రకుండ. గదైతె అక్కెరలేని పని, ఒర్రితె మాత్రం ఎవలికి ఇనవడుతది? అయినా ఒర్రింది. పండ్లు రాలినంక గూడ ఒర్రిందట. గోడకు గీ దిక్కు నాయిన దారాలు ముడేసుకుంట నిలవడ్డడు. నడుమ ఒక్క ఇటుక గోడ."

"పోలీసులు రాలేదా?"

"దారం తెగితె నాయిన సాంచా ఆపిండు. వంగి సూస్తె గోడ కింది సందుల నుంచి నెత్తురు అస్తున్నది, నేసిన బట్ట దిక్కు. తెల్ల బట్ట. మొదలు రంగనుకున్నడు. ఎవల రంగు డబ్బా ఒలికిందో అని తిట్టుకుంట లేసిండు."

"ఎవలా నాయిన?"

"ఆటో నడుపుతుండు."

"… నువ్వా?"

"ప్రేమలత. ఇరవై మూడేండ్లు. గంట సేపు కొట్టిండని డాక్టర్ జెప్పిండు. గంట! గల్లీల నలభై సాంచాలు. ఒక్కడు ఆపినా, ఒక్క నిమిషం ఆపినా, ఇనవడుతుండె."

"నన్ను నీ అల్లునితోటి కలుపుతున్నవా?"

"నేనేం కలుపలే."

"సంపేటోణ్ణయితె ఆర్నెల్ల కిందనే సంపుతుంటి. ఇంటికి రమ్మంట. అస్తె మంచిదే."

"రానంటె?"

"… నడువు. ఇంకో గల్లీ."

"ఇగో, నాలుగోది. గా వేపచెట్టు దాక పోయి మలుగుదాం. సూసినవా, ఎంత సల్లగున్నదో. గీ దిక్కు పాము పాకినా—"

"ఆటో ఆపు."

"ఎందుకు?"

"ఆపుమన్న. … తొమ్మిదికి మొదలువెట్టినవ్, పన్నెండాయె. గా నీళ్ల ట్యాంకి కాడికి మూడుసార్లు అచ్చినం. మూడుసార్లు ఆటో ఇటే మలిపినవ్. మలిపినప్పుడల్ల సప్పుడు వెనుకకు పోయింది."

"సప్పుడు వద్దన్నది నువ్వే గదా తమ్మి."

"చెవు కింద గిదేంది, తెలుస్తున్నదా?"

"సల్లగున్నది."

"గొర్రెకైతె గిక్కడ్నే పెడుత. కదలకు. కోయలే ఇంక, తోలు తెగింది గంతే. అనూష గా సప్పుడుల ఉన్నది. అవునా? ఇంకింత లోపలికి పోవాల్నా?"

"సప్పుడుకు భయపడింది నీ ఇంట్ల. సప్పుడైందంటె నువ్వు లేసినవన్నట్టు. గిక్కడ సాంచాలు ఆడుతనే ఉంటయ్, ఎవడు కొట్టడు. గా సప్పుడుల్నే పండుతది."

"ఉన్నదన్నట్టు."

"గల్లీ నా నోటి నుంచి రాదు. సంపుతె సంపు."

"రాకుంటె ఏమాయె? సప్పుడెటుంటె అటు పోత. ఇంటింటికి అడుగుత. ఇయ్యాల గాకుంటె రేపు. రేపు గాకుంటె నువ్వు లేనినాడు. రెండు నెల్ల చుట్టీ ఉన్నది నాకు."

"నేను లేనినాడు…"

"ఆఁ. గప్పుడు అడ్డం ఎవలుంటరు?"

"… కత్తి తియ్యి."

"ఎందుకు?"

"కత్తి మెడ మీద ఉంటె ఆటో ఎట్ల మలుపాలె? తియ్యి. పోదాం. ఇయ్యాల్నే పోదాం."

"గట్ల దారికి రా. నీకేం అస్తది కాకా, మంది పెండ్లాలను దాసి పెట్టి?"

"ఐదు గల్లీలన్న. గిప్పుడు పోయేది ఐదోది. గట్టిగ పట్టుకో, గుంతలుంటయ్."

"ఏమంటున్నవ్? సాంచాల సప్పుడుల ఇనవడ్తలేదు!"

"దిగుమంటున్న! అచ్చినం! గా నీలం తలుపు!"

"ఏంది?"

"నీలం తలుపు! నా ఇల్లే! గీ గోడవతలనే నా బిడ్డ—"

"ఇనవడ్తలేదు! నువ్వు ముంగట నడువు! సంచి మీదనే ఉన్నది నా సెయ్యి, తెల్సు గదా! … ఏయ్! ఎవలికి సెయ్యి ఊపుతున్నవ్?"

"లచ్చయ్యకు! సాంచా కాడ ఉన్నడు సూడు! చాయ్ తాగినవా అని అడిగిన!"

"చాయ్‌కు పెదవుల కాడ అంటివి! నువ్వు మెడ కాడ తిప్పినవ్!"

"నెత్తురు తుడ్సుకున్న! నువ్వు కోసిందే!"

"నడువు! … తలుపు తియ్యి! అనూషా!"

"కాకా, ఎవలు గా— అమ్మా!"

"అమ్మ కాదు, నేనే! ఏం జేస్తున్నవ్? కండెలకు దారం సుడుతున్నవా? ఎడమ సేత్తోటి! మంచిగ నేర్సినవ్! లే!"

"రాను!"

"మల్ల అను!"

"రాను! సంపినా రాను! కాకా, నువ్వే తెచ్చినవా? నువ్వా?"

"నేనే తెచ్చిన బిడ్డా!"

"కాకా! నీ బిడ్డ అర్ర అని ఉండుమంటివి! నువ్వే—"

"సూసినవా? ముసలోడు గూడ నా దిక్కే! కోరుట్లల నీ చెల్లె, గిక్కడ ముసలోడు! లే అంటున్న!"

"చెల్లెనా? చెల్లెనేం జేసినవ్? ఏం జేసినవ్ దాన్ని? … ఇడువు! జుట్టు ఇడువు! గా సెయ్యి కాదు, గది మల్ల ఇరుగుతది, నీ కాళ్లు మొక్కుత—"

"మొక్కు! గిప్పుడు మొక్కు! కత్తి దిక్కు సూడు! ఒర్రు, ఎంత ఒర్రుతవో ఒర్రు! గీ సప్పుడుల ఎవనికి ఇనవడ్తది? ఆఁ? ఎవనికి ఇన— … ఏంది? పక్కది ఆగింది. గదీ ఆగింది. గల్లీ మొత్తం… కాకా, ఏంది గిది? కరెంటు పోయిందా?"

"కరెంటు పోలే తమ్మి. పైన సూడు, ఫ్యాను తిరుగుతనే ఉన్నది. … బిడ్డా అనూషా, గిప్పుడు ఒర్రు."