రెండు సైకిళ్లు, ఒక గొలుసు

హలో… ఆఁ, నేనేరా, నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతారు? చెప్పు ధీరజ్.

… ఏంటా ఆయాసం? పరిగెత్తావా? … ఎందుకు? … ఆగాగు, మెల్లగా చెప్పు.

… సైకిలా? సైకిల్ లేదా?

… అబ్బో! అయిందా ముచ్చట!

… లేదు, నవ్వడం లేదు. దగ్గొచ్చింది. … సరే, నవ్వాను. నవ్వితే ఏంటిప్పుడు? నాలుగు నెలల నుంచీ మొత్తుకుంటున్నా. అక్క మాటంటే నీకు పక్కింటి టీవీ మోతే కదా. నాకేం పనిలేక చెప్తున్నాననుకున్నావా?

ఎక్కడ పెట్టావు? … ఆఫీసు వెనకా? చెత్త డబ్బాల షెడ్డు పక్కనా? … శభాష్! మెయిన్ గేటు ముందు పెట్టరా, నలుగురూ తిరిగేచోట పెట్టరా అని చెప్పానా లేదా? … నీడుందనా? సీటు కాలుతుందనా? … సీటు కాలేంత ఎండ జర్మనీలో, అందులోనూ ఈ ఎర్లాంగెన్‌లో ఎక్కడేడ్చిందిరా!

తాళం? … అదేనా? సూపర్‌మార్కెట్లో బిస్కెట్లతో పాటు కొన్నావే, నంబర్లు తిప్పే తీగ, అదేనా? … ఒరేయ్, దాన్ని తాళం అనకూడదురా. దాన్ని కూరగాయల సంచీకి కట్టుకోవచ్చు.

… దేనికి కట్టావు? … చక్రానికి. చక్రాన్ని దేనికి? … ఫ్రేముకి. ఫ్రేముని? … దేనికీ లేదు. అంటే నీ సైకిల్‌ని నీ సైకిల్‌కే కట్టి వచ్చావన్నమాట. వచ్చినవాడు భుజాన వేసుకుపోవడానికి వీలుగా. ఎంత మర్యాదస్తుడివిరా!

… అందరూ అలాగే పెడతారా? ఎవరందరూ? ఈ ఊళ్లో ఎనభై ఏళ్ల బామ్మ బ్రెడ్డు కొనుక్కోడానికి దిగినా రెండు తాళాలేస్తుంది. ఒకటి ముందు చక్రానికి, ఒకటి ఫ్రేముకి, రెండూ స్టాండుకి. ఆవిడేం ఎంటెక్ చదవలేదు. నువ్వు చదివావు. చదివి ఏం లాభం!

… తెలుసు. … తెలుసురా, ఎల్లుండే అని. ఎల్లుండి శుక్రవారం, నీ ప్రొబేషన్ మీటింగు. నాకూ క్యాలెండర్ చదవడం వచ్చు. … అవును, సైకిల్ నీది కాదు, కంపెనీ లీజుకి తీసిచ్చింది. ఆ కాగితాలు నువ్వు చూడకుండా సంతకం పెట్టబోతుంటే లాక్కుని చదివిందెవరు? నేనే కదా. మూడో పేజీలో ఉంది, కదలని దానికి కట్టకపోతే ఇన్సూరెన్సు ఒక్క సెంటు కూడా ఇవ్వదని. వేలు పెట్టి చూపించాను. నువ్వు ఫోన్లో క్రికెట్ చూస్తున్నావు.

… ఫ్రావ్ కెస్లర్ ఏమంటుందా? మీ బాసేగా, దండేసి దణ్ణం పెడుతుంది! పోయిన నెల ఆఫీసు లాప్‌టాప్‌ని న్యూరెంబర్గ్ రైల్లో వదిలేశావు. ఇప్పుడు సైకిల్. … ఏమందీ? … "ఇంకొక వస్తువు పోతే శుక్రవారం మాట్లాడ్డానికేమీ ఉండదు" అందా? అచ్చంగా అలాగే? … మరి తప్పేమందిరా? నేనైతే లాప్‌టాప్ రోజే పంపేసేదాన్ని.

నువ్వు పోగొట్టనిది ఏదన్నా ఉందా చెప్పు. గొడుగులా, లెక్కే లేదు. నీ స్వెట్టర్లతో ఊళ్లో సగం మంది చలి కాచుకున్నారు. ఇంటర్ పరీక్షకి హాల్ టికెట్ ఆటోలో వదిలేస్తే, ఎనిమిది వీధులు ఆ ఆటో వెనక పరిగెత్తిందెవరు? … ఆఁ, అక్క. ఎప్పుడూ అక్కే. ఇక్కడికొచ్చాక కూడా ఊళ్లో పేరు నమోదు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కి అక్క, ఇంటి కీకి అక్క, బ్యాంకు కార్డుకి అక్క. ముప్ఫై ఏళ్లొచ్చాయి, ఇంకా నీ వెనక చెప్పులేరుకుంటూ తిరగాలా నేను?

… ఏడుస్తున్నావా? … జలుబా! సర్లే.

… ఏంటీ? ఇప్పుడే వెళ్లి ఆవిడతో చెప్పేస్తావా? … వద్దు. ఆగు. … పోలీసుకీ వద్దు. ఎవరికీ వద్దు, నే చెప్పేది విను.

ఆ తాళం తెగిందా? చూడు. … చూడరా, నీ ఎదురుగానే ఉంటుంది, షెడ్డు కమ్మీకి. … తెగలేదు కదా. చక్కగా చుట్టి వేలాడదీసి ఉంది కదా. తాళం విప్పి, చుట్టి, తగిలించి పోయే దొంగని ఎక్కడన్నా చూశావా? ఒక్క నిమిషం ఆ బుర్ర వాడు.

నంబరెంత పెట్టావు? … మూడు, ఆరు, ఏడు, రెండు. నాన్న స్కూటర్ నంబరు. … మన సూట్‌కేసులన్నిటికీ అదే. అమ్మ ఫోనుకదే. నా వైఫైకి అదే. చిన్నాన్న వాళ్ల బీరువాకి కూడా అదే. ఆ నంబరు మన ఇంటివాళ్లకి కాక ఈ దేశంలో ఇంకెవరికి తెలుసురా?

… ఆఁ. వెలిగిందా?

నేనే.

… నేనేరా తీసింది! లంచ్‌లో నడుచుకుంటూ వచ్చాను, పావుగంట కూడా పట్టలేదు. … ఎవరూ ఆపలేదు. అదే కదా నీకు చెప్పేది! ఒకాయన సిగరెట్ కాలుస్తూ అక్కడే నిలబడ్డాడు. నేను నంబర్లు తిప్పుతుంటే, అన్నాలవేళ పలకరిస్తారే, అలా "మాల్‌త్సైట్" అన్నాడు. నేనూ "మాల్‌త్సైట్" అన్నాను. ఎక్కి తొక్కుకుంటూ వచ్చేశా.

… తిట్టుకో, బాగా తిట్టుకో. … గుండె ఆగినంత పనైందా? అవ్వాలి. బుద్ధి రావాలనే కదా తీసింది. అమ్మ ఏం చేసేది? నీ చెప్పులు వాకిట్లో వదిలేసి వస్తే అటక మీద దాచేసేది. గంటసేపు ఇల్లంతా వెతికి, ముక్కు చీదుకుంటూ కూర్చుంటే అప్పుడు దింపేది. … మానావా? … మానలేదులే. అమ్మది మెత్తని మనసు, అందుకే మానలేదు. నా దగ్గర అలా కుదరదు.

… ఎక్కడుంటుంది, మా ఆఫీసు కింద. వెనకా గినకా కాదు, ముందు. రోడ్డు మీదికి. … నీ తీగతో ఎందుకు కడతాను, నా గొలుసుతో కట్టాను. బొటనవేలంత లావుంటుంది. కోసేవాడి రంపం అరగాలి.

… దేనికా? … నాదానికి.

… నా సైకిల్‌కిరా. నీదీ నాదీ కలిపి. … పొద్దున నేనొచ్చేసరికే స్టాండు నిండిపోయింది, గోడకి ఆనించి పెట్టుకున్నా. నీదీ తెచ్చి పక్కన పెట్టి రెండిటికీ కలిపి వేశాను. ఒంటిగంటకి మీటింగు, చోటు కోసం ఊరంతా తిరగనా? … ఒరేయ్, నాది ఈ-బైకు, నీదీ ఈ-బైకు. రెండూ కలిపితే యాభై కిలోలు. ఎవడెత్తుతాడు? … నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా! మూడో పేజీ నాకే గుర్తు చేస్తున్నాడు చూడు. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో తొక్కుతున్నా. ఒక్క బెల్లు పోలేదు నాది.

… సరే బాబూ, నీ తృప్తి కోసం కిందికి దిగి ఫోటో తీసి పంపిస్తా. … లిఫ్టులో కట్టవుతుంది, మెట్ల మీంచి దిగుతున్నాలే. … నువ్వు బస్సెక్కి ఇటొచ్చెయ్. ఇద్దరం తొక్కుకుంటూ వెళ్లి మంచి తాళం కొందాం. గట్టిది, చేతికి బరువు తెలియాలి. ఒకటి కాదు, రెండు. నంబర్ది కాదు, కీ ఉన్నది. ఆ కీ ఒకటి నా దగ్గరే ఉంటుంది, నువ్వెలాగూ పారేస్తావు. ఫ్రేము నంబరు ఫోటో తీసుకో. పేరు చెక్కించుకో. శుక్రవారం ఆవిడ అడిగితే…

ఆఁ, వచ్చేశా. తలుపు ఒకటి లాగలేక చస్తాం. ఇదిగో…

…

ఉండు.

… ఏం లేదు. ఉండు. అటు పక్కనేమో. …

… కాదు, ఇక్కడే. ఈ గోడకే. నా హెల్మెట్ కూడా హేండిల్‌కే…

ధీరజ్… ఇక్కడే పెట్టానురా.

… రెండూ లేవు. గొలుసు కూడా లేదు. … ఆగు, మా రిసెప్షన్ ఆయనున్నాడు, రెండు సైకిళ్లు చూశాడేమో అడుగుతాను. లైన్లో ఉండు.

ఎన్‌చుల్డిగుంగ్! … ఫారేడర్… త్స్వై… హియర్, యా… … వాన్? … …

ధీరజ్? ఉన్నావా? … తెల్ల వ్యాను వచ్చిందట. రెండున్నరకి. ఇద్దరు మనుషులు, పసుపు చొక్కాలు వేసుకుని. రెండు సైకిళ్లూ అలా ఎత్తి లోపల పెట్టుకున్నారట, గొలుసుతో సహా. రిపేరు వాళ్లనుకున్నాడట ఈ మహానుభావుడు. తలుపు పట్టుకుని నిలబడి "గూటెన్ టాగ్" కూడా చెప్పాడట.

… ఆఁ, ఎత్తారు. యాభై కిలోలు. … ఎత్తారురా.

… నాదా? నాది పోతే పోనీ, దాని గురించి ఎవడేడ్చాడు. నీది… … తెలుసు. ఇన్సూరెన్సు రాదు. … కదలని దానికి కట్టలేదు కదా, నాకు తెలుసురా, నేనే చదివాను.

నవ్వు. … నవ్వరా నాయనా, నీ వంతు. ఇందాక నేను నవ్వానుగా. … ఎందుకు నవ్వవు?

… సరే విను. నేను బయల్దేరుతున్నా. ఆవిడ ఎంతసేపుంటుంది? … ఐదింటిదాకానా? పావుగంటలో అక్కడుంటా. నేనే చెప్తాను. మా తమ్ముడు పోగొట్టలేదండీ, నేనే వచ్చి తీశాను, నేనే పోగొట్టాను, తెలివితక్కువదాన్ని నేను అని చెప్తాను. ఎవరెదుట చెప్పమంటే వాళ్లెదుట. కాగితం మీద రాసిస్తాను.

… వద్దా? ఎందుకు వద్దు?

… నమ్మదా? … అక్కని అడ్డం పెట్టుకున్నాడనుకుంటుందా? … అనుకుంటే అనుకోనీ, నిజం నిజమే కదా!

… ఏంటీ?

… ఇంకోసారి చెప్పు.

… "నేను పోగొట్టానంటే ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగదు" అంటావా? … "నాకిది అలవాటే" అంటావా? … అలా అనకురా. … కోపంతో అన్నా బావుండేది. ఇంత మామూలుగా అంటావేంటి?

… నేను బాధపడకూడదా? నన్ను ఓదారుస్తున్నావా నువ్వు?

… నాకు సిగ్గుగా ఉందిరా. … లేదు, సైకిల్ గురించి కాదు. ఇందాకట్నుంచి నేనన్న మాటలన్నీ… అరగంటగా నిన్ను ఏడిపిస్తూ ఎంత సంబరపడ్డానో తెలుసా నీకు? … తెలుసా? తెలిసే ఊరుకున్నావా?

… తిట్టు నన్ను. ఒక్కటంటే ఒక్క మాట తిట్టెయ్. … వద్దు, ఆవిడ గదికి వెళ్లకు. నేనొచ్చేదాకా కిందే ఉండు. … తలుపు కొడుతున్నావా? ధీరజ్, కొట్టకు. నేను రోడ్డు మీదే ఉన్నా, వచ్చేస్తున్నా, ఒక్క పావుగంట… ఒరేయ్, ఆవిడ తీసేలోపు నా మాట…

హలో? … హలో… ధీరజ్?